రాజ్‌పుత్ పేరుతో రెండు డిస్ట్రాయర్లు: గాజీ రాత్రి ఉన్నది ఏది, 2021లో రిటైరైంది ఏది?

తీరంగస్తీ
ప్రతి డిసెంబర్ మొదటి వారంలో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది: "గాజీని ముంచిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 41 ఏళ్లు సేవ చేసి 2021లో విశాఖలో రిటైరైంది." పైన ఫొటోలో నౌక పక్కన 51 అంకె స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నౌకకి కీల్ (అడుగు దూలం) వేసిందే 1976లో. పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ విశాఖ దగ్గర మునిగింది 1971 యుద్ధంలో. అందులోకి అది ఎక్కడినుంచి వస్తుంది? రెండు నౌకల చరిత్రని ఒకే నౌకకి అంటగట్టేశారు. ఈ థ్రెడ్‌లో రెండింటి సర్వీసూ విడదీసి పెడదాం. పేరు ఎలా వచ్చిందో కూడా రాయండి. "అన్నారట, విన్నాను" రకం పోస్టులు దయచేసి వద్దు.

బాయిలర్_నం2
మొదటి రాజ్‌పుత్‌తో మొదలుపెడతా. పెనెంట్ నంబరు (నౌక పక్కన రాసే గుర్తింపు అంకె) డి141. అసలు పేరు హెచ్ఎంఎస్ రోథర్‌హామ్, బ్రిటిష్ ఆర్-క్లాస్ డిస్ట్రాయర్, ఆ వరసలో ఫ్లోటిల్లా లీడర్, అంటే దళాన్ని నడిపించే నౌక. క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ యార్డులో కట్టారు. కీల్ 1941 ఏప్రిల్, జలప్రవేశం 1942 మార్చి, కమిషన్ (సేవలో చేరింది) 1942 ఆగస్టు. పొడవు 358 అడుగులు, స్టాండర్డ్ బరువు సుమారు 1,750 టన్నులు. రెండు బాయిలర్లు, రెండు షాఫ్టులు, 40,000 హార్స్‌పవర్, కొత్తలో 36 నాట్లు.

తుపాకులు 4.7 అంగుళాలవి నాలుగు, అన్నీ విడివిడి మౌంట్లు. ఎనిమిది టార్పెడో ట్యూబులు, నాలుగు నాలుగుగా రెండు గుత్తులు. వెనకవైపు డెప్త్ చార్జ్ (సబ్‌మెరైన్ మీద నీళ్లలోకి వేసే బాంబు) పట్టాలు, పక్కలకి వాటిని విసిరే త్రోయర్లు.

ఈ క్లాస్‌లో గమనించాల్సిన మార్పు ఒకటుంది. అంతకుముందు బ్రిటిష్ డిస్ట్రాయర్లలో అధికారుల గదులు వెనక భాగంలో ఉండేవి. తుఫాను సముద్రంలో డెక్ మీద నీళ్లు పొర్లుతుంటే వెనకనుంచి బ్రిడ్జికి రావడమే ప్రాణాపాయం. ఆర్-క్లాస్‌లో ఆ గదుల్ని ముందువైపుకి జరిపారు. కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది గానీ అర్ధరాత్రి వాచ్ మారేటప్పుడు దాని విలువ తెలిసేది.

పాతపటం
రోథర్‌హామ్ యుద్ధకాలం గురించి ఒక్క ముక్క కలుపుతా. 1945 సెప్టెంబర్‌లో సింగపూర్ నావల్ బేస్‌ని జపాన్‌వాళ్ల దగ్గర్నుంచి స్వాధీనం చేసుకున్నది ఈ నౌక కెప్టెనే. ఆ బేస్ ద్వారానికి తర్వాత రోథర్‌హామ్ గేట్ అని పేరు పెట్టారు. యార్క్‌షైర్‌లో ఉక్కుకీ బొగ్గుకీ పేరున్న ఊరి పేరు నౌక మీదుగా సింగపూర్ గేటు దాకా వెళ్లిందన్నమాట. మన తీరానికి వచ్చేసరికి ఆ పేరే మారిపోయింది.

భీమిలి_లాంతరు
పేరు సంగతి వచ్చింది కాబట్టి: 1949లో ఇండియా ఆర్-క్లాస్‌లోనుంచి మూడు కొన్నది. రోథర్‌హామ్ రాజ్‌పుత్ అయింది, రిడౌట్ రంజిత్ అయింది, రైడర్ రాణా అయింది. మొదటి అక్షరం పోకుండా చూసుకున్నారు. తర్వాత 1953లో తెచ్చుకున్న హంట్-క్లాస్ చిన్న డిస్ట్రాయర్లకి నదుల పేర్లు పెట్టారు: గోదావరి, గోమతి, గంగ. అంటే నేవీలో గోదావరి పేరు మొదట మోసింది ఒక బ్రిటిష్ పాత నౌక, హెచ్ఎంఎస్ బెడేల్. 1983లో వచ్చిన ఫ్రిగేట్ గోదావరి రెండోది. రాజ్‌పుత్ ఒక్కదాని విషయంలోనే కాదు, ఈ రెండు తరాల గందరగోళం చాలా పేర్లకి ఉంది.

కొత్తచుక్కాని
అంటే రెండో రాజ్‌పుత్ పేరు మొదటి రాజ్‌పుత్ జ్ఞాపకంగా పెట్టిందా, రాజపుత్రుల పేరు మీద పెట్టిందా?

భీమిలి_లాంతరు
రెండూ ఒకటే గొలుసు. 1949లో పెట్టింది రాజపుత్ర యోధుల పేరు. 1980లో ఆ పేరు కొత్త నౌకకి వచ్చింది, దాని తర్వాత రాణా, రంజిత్ కూడా అదే వరసలో వచ్చాయి. పాత మూడు పేర్లు అయిపోయాక నాలుగు, ఐదు నౌకలకి రణ్‌వీర్, రణ్‌విజయ్ అని కొత్తవి పెట్టారు, అదే అక్షరం నిలబెట్టి. ఈ రెండో రాజ్‌పుత్ (డి51) నినాదం "రాజ్ కరేగా రాజ్‌పుత్". పైగా ఆర్మీ రెజిమెంటుతో అనుబంధం కుదుర్చుకున్న మొదటి నేవీ నౌక ఇదే. ఆ రెజిమెంట్ రాజ్‌పుత్ రెజిమెంట్, కేంద్రం ఫతేగఢ్‌లో.

తీరంగస్తీ
సరే, అసలు రాత్రికి వద్దాం. 1971 డిసెంబర్ 3-4.

సోనార్‌పింగ్
గాజీ మీద వచ్చిన సినిమా పక్కన పెట్టి చెప్పుకోవాలి. సినిమాలో సబ్‌మెరైన్‌కీ సబ్‌మెరైన్‌కీ పోరు. నిజంగా ఆ రాత్రి రేవు నుంచి బయల్దేరింది రిటైర్మెంట్ అంచున ఉన్న డిస్ట్రాయర్ డి141, కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్.

ముందు గాజీ ఎందుకు వచ్చిందో చూడండి. అది అమెరికా సబ్‌మెరైన్ డయాబ్లో, టెంచ్ క్లాస్, 1964లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. పాకిస్తాన్ దగ్గరున్న డాఫ్నే రకం సబ్‌మెరైన్లకి కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేసే శక్తి లేదు. 11,000 నాటికల్ మైళ్ల రేంజ్ ఉన్న గాజీ ఒక్కదానికే అది సాధ్యం. కమాండర్ జాఫర్ ముహమ్మద్ ఖాన్ ఆధ్వర్యంలో నవంబర్ 14న కరాచీ వదిలింది. వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం.

తూర్పు నావికాదళం అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, విశాఖ దగ్గరే ఉన్నట్టు నాటకం ఆడించారు. రాజ్‌పుత్‌ని విశాఖకి దాదాపు 160 మైళ్ల దూరం పంపి, విమానవాహక నౌక చేసేంత వైర్‌లెస్ ట్రాఫిక్ చేయించారు. పెద్ద నౌకకి సరిపడేంత మాంసం, కూరగాయలు ఆర్డర్ పెట్టించారు. విక్రాంత్ నావికుడొకరు తల్లి జబ్బు గురించి వాకబు చేస్తున్నట్టు కోడ్ లేకుండా ఒక సొంత టెలిగ్రామ్ కూడా కావాలనే పంపించారు. శత్రువు వింటాడని తెలిసి వదిలిన ఎర అది. అన్నిట్లోకీ నాకు తెలివైనదిగా అనిపించేది అదే.

బాయిలర్_నం2
గాజీ బంగాళాఖాతంలో ఉందని మనవాళ్లకి ఎలా తెలిసిందో కూడా రాయాలి కదండీ. చిట్టగాంగ్‌కి వెళ్లిన ఒక సందేశం పట్టుబడింది, ఒక రకం లూబ్రికేషన్ ఆయిల్ గురించి. ఆ రకం వాడేది సబ్‌మెరైన్లూ, మైన్‌స్వీపర్లే (నీళ్లలో పరిచిన మైన్ బాంబుల్ని ఏరేసే నౌకలు). గూఢచారుల కథల కంటే ఈ నూనె డబ్బానే గాజీ జాడ చెప్పింది.

సోనార్‌పింగ్
అవును. ఇక ఆ రాత్రి క్రమం:

అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ పైలట్‌ని ఎక్కించుకుని విశాఖ ఛానెల్‌లో బయల్దేరింది. తీరంలో నావిగేషన్ దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. సబ్‌మెరైన్ బయట కాచుకుని ఉంటే ఇరుకు ఛానెల్‌లో నెమ్మదిగా వచ్చే నౌక తేలిగ్గా దొరికిపోతుంది, పక్కకి తిరగడానికి చోటుండదు. అందుకే ఇంజన్లు ఆపి, పైలట్‌ని దించేసి, వెంటనే వేగం పెంచారు. కాసేపటికి కుడివైపు లుకౌట్‌కి ముందుపక్కన నీళ్లు చెదిరినట్టు కనిపించింది. అప్పుడే మునిగిన సబ్‌మెరైన్ అనుకుని అటు తిప్పి, ఆ చోట రెండు డెప్త్ చార్జీలు వేశారు. కొన్ని నిమిషాలకి పెద్ద పేలుడు, రాజ్‌పుత్ కూడా అదిరింది. చుట్టూ చూస్తే ఏ ఆనవాలూ దొరకలేదు, నౌక తన దారిన వెళ్లిపోయింది. ఆ పేలుడు విశాఖ ఊరికంతా వినపడింది, కిటికీలు కంపించాయి.

తిక్కలోడు_77
రెండు బాంబులకే అంత పెద్ద సబ్‌మెరైన్ మునిగిపోతుందా? నమ్మబుద్ధి కాదు.

కొలతబద్ద
అనుమానం సరైనదే, లెక్క వేద్దాం. ఆర్-క్లాస్‌కి ఇచ్చింది మార్క్ 7 రకం. పీపా లాంటి డబ్బాలో 290 పౌండ్ల పేలుడు పదార్థం, అంటే 130 కిలోల పైచిలుకు. నీటి పీడనంతో పనిచేసే పిస్టల్‌కి (బాంబుని పేల్చే మీటకి) 50 అడుగులు, 100 అడుగులు అని లోతు పెట్టాలి, ఆ లోతుకి చేరగానే పేలుతుంది. మునిగే వేగం మొదట్లో సెకనుకి సుమారు 7 అడుగులు. 50 అడుగుల సెట్టింగ్ అయితే పేలడానికి 7 సెకన్లు పడుతుంది. ఆ 7 సెకన్లలో 12 నాట్ల మీద ఉన్న నౌక ముందుకి జరిగేది 43 మీటర్లే. నౌక పొడవే 109 మీటర్లు. అంటే నెమ్మదిగా పోతూ తక్కువ లోతుకి పెట్టి వేస్తే తన వెనక భాగాన్నే దెబ్బతీసుకుంటుంది. ముందు వేగం పెంచింది తప్పించుకోవడానికే కాదు, చార్జ్ వేయాలన్నా ఆ వేగం కావాలి.

ఇక దెబ్బ సంగతి. సబ్‌మెరైన్ ప్రెషర్ హల్‌ని (నీటి ఒత్తిడి తట్టుకునే గట్టి గోడని) చీల్చాలంటే ఈ రకం చార్జ్ సుమారు 20 అడుగుల లోపు పేలాలి. 40 అడుగుల లోపు పేలితే పైకి తేలక తప్పనంత నష్టం జరగొచ్చు. అంతకు మించితే బల్బులు పగులుతాయి, పైపు జాయింట్లు కారుతాయి, మనుషులు బెదురుతారు. సోనార్ (నీళ్లలో శబ్దంతో వెతికే యంత్రం) మీద పట్టు దొరికినప్పుడు వేసే పద్ధతిలో ఐదో పదో చార్జీలు ఒక ఆకారంలో పరుస్తారు. రెండు వేయడం అంటే "నేను చూశాను, తల దించుకో" అని హెచ్చరించే దాడి. 20 అడుగుల లోపు పడటం అసాధ్యం కాదు, కానీ నీళ్లు చెదిరిన చోటు చూసి వేసిన రెండింటికి చాలా అదృష్టం కావాలి.

సోనార్‌పింగ్
అందుకే కారణం మీద మూడు వాదనలు నడుస్తున్నాయి. ఒకటి, రాజ్‌పుత్ చార్జీలే ముంచాయి. రెండు, గాజీ తాను పరిచిన మైన్ మీదకే తానే వెళ్లింది, పాకిస్తాన్ వైపు చెప్పేది ఇదే. మూడు, లోపలే పేలింది: ముందు భాగంలో ఉన్న మైన్లో టార్పెడోలో, లేదంటే బ్యాటరీ చార్జింగ్‌లో పేరుకున్న హైడ్రోజన్. గాలిలో హైడ్రోజన్ 4 శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు. బంగాళాఖాతంలో రోజుల తరబడి పగలు మునిగి, రాత్రి చార్జ్ చేసుకునే పాత డీజిల్ సబ్‌మెరైన్‌లో వెంటిలేషన్ సరిగా లేకపోతే అది నిజమైన ముప్పు. డైవర్లు చూసినప్పుడు ముందు భాగం పగిలి ఉంది, ఇనుము బయటికి విచ్చుకుని ఉందని చెప్పారు. లోపలి పేలుడు వాదనకి బలం అక్కడిదే.

తిక్కలోడు_77
అలా అంటే రాజ్‌పుత్ ఏమీ చేయనట్టేనా? స్మారకం మీద మరి?

కొలతబద్ద
ఏమీ చేయనట్టు ఎలా అవుతుంది. చార్జీల కుదుపుకి లోపలి మందుగుండు అంటుకుని ఉండొచ్చు. రాజ్‌పుత్‌ని తప్పించుకోబోయి కింద నేలని తాకి ఉండొచ్చు, సొంత మైన్ల వైపు జరిగి ఉండొచ్చు. పైగా విక్రాంత్ విశాఖలోనే ఉందని నమ్మించి గాజీని రేవు ముంగిట నిలబెట్టిందే రాజ్‌పుత్ నాటకం. నా లెక్కలో చార్జీల కంటే ఆ నాటకమే పెద్ద పని.

ఒక గడియారం గురించి తరచూ చెప్తారు, శిథిలాల్లో దొరికింది 12:15 దగ్గర ఆగిందని. దాన్ని పట్టుకుని నిమిషాల లెక్కతో తీర్పు చెప్పేవాళ్లకి ఒకటే మాట: భారత సమయానికీ కరాచీ సమయానికీ అరగంట తేడా, ఢాకా సమయానికి ఇంకో వైపు అరగంట. గడియారం దేనికి పెట్టుందో తేలకుండా ఆ పదీ పదిహేను నిమిషాలు దేన్నీ రుజువు చేయవు.

భీమిలి_లాంతరు
జాలరుల సంగతి ఎవరూ రాయలేదేం. తీరం పొడవునా మత్స్యకారులకి ముందే చెప్పి పెట్టారు, నూనె తెట్టె కనిపించినా వింత వస్తువు తేలినా నేవీకి చెప్పమని. మర్నాడు తేలిన వస్తువులు ఒడ్డుకి తెచ్చింది వాళ్లే. వాటిలో యూఎస్ఎస్ డయాబ్లో అని గుర్తున్న లైఫ్‌జాకెట్ కూడా ఉంది. మునిగింది గాజీయేనని ఆ పాత పేరే తేల్చింది. తర్వాత సబ్‌మెరైన్ రెస్క్యూ నౌక నిస్తార్ డైవర్లు కిందికి దిగి నిర్ధారించారు. నిస్తార్ సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్నదే, కమిషన్ ఆ ఏడాదే అయింది. ఇప్పుడు అదే పేరుతో హిందూస్తాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నిస్తార్ 2025 జూలైలో విశాఖలో కమిషన్ అయింది. పదేళ్లు ఆగండి, దీని ఫొటో పెట్టి గాజీ దగ్గరికి దిగింది ఇదే అంటారు!

తీరంగస్తీ
రామకృష్ణా బీచ్‌లో ఇంకో తికమక కూడా ఉంది. అక్కడ ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియాన్ని చూపించి పిల్లలకి "గాజీని ముంచింది ఇదే" అంటుంటారు. కురుసుర 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో ఉంది. గాజీకి సంబంధించింది అదే రోడ్డు మీదున్న విక్టరీ ఎట్ సీ స్మారకం, 1996 నాటిది.

ఇక రెండో రాజ్‌పుత్ ఎవరు రాస్తారు?

బాయిలర్_నం2
డి51. సోవియట్ ప్రాజెక్ట్ 61ఎంఈ, నాటో పేరు కాషిన్. ఇప్పటి ఉక్రెయిన్‌లోని నికొలాయెవ్‌లో 61 కమ్యూనార్డ్స్ యార్డులో కట్టారు. అక్కడ పెట్టిన పేరు నదేజ్నీ. కీల్ 1976 సెప్టెంబర్ 11, జలప్రవేశం 1977 సెప్టెంబర్ 17, కమిషన్ 1980 మే 4న జార్జియాలోని పోటిలో. కమిషన్ చేసింది అప్పటి మన రాయబారి ఐ.కె. గుజ్రాల్. మొదటి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందానీ.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. హీరానందానీ వైస్ అడ్మిరల్‌గా రిటైరయ్యాక నేవీ చరిత్ర రాశారు, 1971 యుద్ధం కూడా అందులో ఉంది. మొదటి రాజ్‌పుత్ ఆ రాత్రి ఏం చేసిందో కృష్ణన్ మాటలూ పాకిస్తాన్ వైపు మాటలూ పక్కపక్కన పెట్టి వివరంగా రాసింది రెండో రాజ్‌పుత్ మొదటి కెప్టెనే.

ఇంజన్ల సంగతి: నాలుగు గ్యాస్ టర్బైన్లు, షాఫ్టుకి రెండు, మొత్తం 72,000 హార్స్‌పవర్, 35 నాట్లు. మామూలు ప్రయాణంలో షాఫ్టుకి ఒక్క టర్బైన్ మీదే నడుపుతారు. గ్యాస్ టర్బైన్‌ని సగం లోడు మీద నడిపితే ఇంధనం మండిపోతుంది, ఒకటి ఆపి రెండోదాన్ని దాని పూర్తి స్థాయికి దగ్గరగా నడపడం నయం. డి141లో బాయిలర్ చల్లగా ఉంటే స్టీమ్ ఎక్కడానికి గంటలు పట్టేది, డి51 నిమిషాల్లో కదిలేది. పూర్తిగా గ్యాస్ టర్బైన్ల మీద నడిచిన మొదటి పెద్ద యుద్ధనౌకలు ఈ ప్రాజెక్ట్ 61వే. టర్బైన్ల ఈల వల్ల సోవియట్ నావికులు వీటిని "పాడే ఫ్రిగేట్" అనేవాళ్లు.

పాతపటం
సర్వీసు క్లుప్తంగా: శ్రీలంకలో శాంతిసేనకి అండగా ఆపరేషన్ అమన్, గస్తీకి ఆపరేషన్ పవన్, మాల్దీవుల ఆపరేషన్ కాక్టస్, లక్షద్వీప్ దగ్గర ఆపరేషన్ క్రోస్ నెస్ట్. కాక్టస్‌లో బందీలున్న ఓడని వెంటాడి ఆపింది గోదావరి, బేత్వా. ఆ ఘనత రాజ్‌పుత్‌కి రాసేయకండి. పశ్చిమ నౌకాదళంలోనూ తూర్పు నౌకాదళంలోనూ పనిచేసింది. మొత్తం 31 మంది కమాండింగ్ ఆఫీసర్లు, 7,87,194 నాటికల్ మైళ్లు.

2021 మే 21న విశాఖ నావల్ డాక్‌యార్డులో డీకమిషన్. సూర్యాస్తమయానికి పతాకం, కమిషనింగ్ పెనెంట్ దించారు. కోవిడ్ వల్ల స్థానిక అధికారులు, నావికులతోనే కార్యక్రమం ముగించారు.

నౌకల_నమూనా
నాకు వేరే అవసరం. డి51 నమూనాని 1:350 స్కేల్‌లో కడదామని కాషిన్ కిట్ చూస్తున్నా. సోవియట్ కాషిన్ కిట్‌ని ఉన్నదున్నట్టు కట్టి 51 అంకె రాస్తే సరిపోతుందా?

కొలతబద్ద
సరిపోదు. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. మూడు చోట్ల తేడా.

మామూలు సోవియట్ కాషిన్‌కి ముందొకటి, వెనకొకటి జంట 76 మి.మీ. టరెట్లు ఉంటాయి. మనదానికి ముందుది మాత్రమే. వెనక టరెట్ చోట హెలికాప్టర్ హ్యాంగర్ వచ్చింది, కాబట్టి వెనక డెక్ మొత్తం కొత్తగా చేసుకోవాలి. వెనక టరెట్ గుండ్రటి బేస్ పూడ్చకుండా వదిలేస్తే పెయింట్ వేశాక కూడా కనిపిస్తుంది.

రెండోది క్షిపణులు. సోవియట్ వాళ్లు మార్చిన కాషిన్‌లలో నాలుగు పెద్ద గొట్టాలు వెనకభాగంలో వెనక్కి తిరిగి ఉంటాయి. మనవి పి-20ఎం గొట్టాలు నాలుగూ బ్రిడ్జికి అటూ ఇటూ రెండేసి, ముందుకి చూస్తూ ఉంటాయి. మార్చిన కాషిన్ కిట్‌లో గొట్టాలు దొరుకుతాయి గదా అని ఉన్నచోటే అంటిస్తే అది రాజ్‌పుత్ కాదు.

మూడోది ఏ ఏడాది నౌక కడుతున్నారో ముందే తేల్చుకోవడం. 1980 నాటిదైతే నాలుగు గొట్టాలూ ఉండాలి. తర్వాత బ్రహ్మోస్ పరీక్షలకి దీన్నే వేదిక చేశారు. ఒక్కో పక్కా ఒక్కో గొట్టం తీసి, రెండు గదులున్న పెట్టె లాంచర్ పెట్టారు. అంటే నాలుగు బ్రహ్మోస్‌లు, మిగిలిన పాత గొట్టాలు రెండు. 2003లో నౌక మీంచి మొదటి బ్రహ్మోస్ ప్రయోగం దీని మీంచే, 2008 మార్చిలో నేల మీది లక్ష్యాన్ని కొట్టిందీ దీని మీంచే. అదే ఏడాది డిసెంబర్‌లో నిలువు లాంచర్ ప్రయోగం మాత్రం రణ్‌వీర్ మీద జరిగింది, అది దీనికి కలపొద్దు.

సన్న తుపాకుల్లో కూడా తేడా ఉంది: రాజ్‌పుత్, రాణా, రంజిత్‌లకి ఏకే-230 జంట గొట్టాలవి. రణ్‌వీర్, రణ్‌విజయ్‌లకి ఆరు గొట్టాల ఏకే-630. రణ్‌విజయ్ ఫొటో ముందు పెట్టుకుని రాజ్‌పుత్ కడితే తప్పు ఇక్కడ బయటపడుతుంది.

నౌకల_నమూనా
పొడవు ఎంత రావాలి? పక్కనే డి141 కూడా పెట్టాలని ఉంది.

కొలతబద్ద
డి51 సుమారు 147 మీటర్లు, 1:350లో 42 సెం.మీ. మామూలు కాషిన్ 144 మీటర్లు, అంటే కిట్ హల్ సెంటీమీటరు దాకా పొట్టిగా వస్తుంది. అద్దాల పెట్టెలో పెట్టడానికైతే వదిలేయొచ్చు, పోటీకైతే వెనకవైపు పొడిగించాలి. డి141 109 మీటర్లు, 31 సెం.మీ. పైన. రెండూ పక్కపక్కన పెడితే 38 ఏళ్లలో "డిస్ట్రాయర్" అన్న నౌక ఎంత పెరిగిందో కంటికే తెలుస్తుంది, బరువులో అయితే రెట్టింపు దాటింది.

తీరంగస్తీ
ఫార్వర్డ్ పంపేవాళ్లకి అంకెలు చూపిస్తే చదవరు. ఫొటో చూసి చెప్పగలిగే గుర్తు ఏమైనా ఉందా?

బాయిలర్_నం2
పొగగొట్టాలు లెక్కపెట్టమనండి. ఒకటే ఉండి, ముందు రెండు, వెనక రెండు విడివిడి తుపాకులుంటే డి141, గాజీ రాత్రి ఉన్నది. రెండు జతలుగా నాలుగు పొగగొట్టాలు బయటికి వాలి ఉంటే డి51, బ్రహ్మోస్ నౌక. ఫొటో రంగుల్లో ఉందా, నలుపు తెలుపులో ఉందా అన్నది పట్టించుకోవద్దు. 1980ల నాటి డి51 నలుపు తెలుపు ఫొటోలు బోలెడున్నాయి, ఫార్వర్డ్‌లో తిరిగేవి సగం అవే.

తీరంగస్తీ
మంచిది. డి141 ఫొటోలున్నవాళ్లు ఇక్కడే పెట్టండి, పక్కన ఏ ఏడాదివో రాయండి. 1976లో తుక్కు కింద తీసేసిన నౌక కాబట్టి ఆ తర్వాతి తేదీ వేసి ఉంటే అది కచ్చితంగా వేరే నౌకదే, పెట్టొద్దు.